అర్జీ నుంచి ఫర్మానా దాకా: సర్మన్ రాయబారం కాగితాలు చదివిన అనుభవం

ఈస్టిండియా కంపెనీ కలకత్తా నుంచి ఢిల్లీ మొగలు దర్బారుకు పంపిన సర్మన్ రాయబారం గురించి చరిత్ర పుస్తకాల్లో మామూలుగా రెండు వాక్యాలు దొరుకుతాయి. ఫరూక్‌సియర్ చక్రవర్తికి జబ్బు చేస్తే విలియం హామిల్టన్ అనే ఇంగ్లీషు వైద్యుడు నయం చేశాడు. ఆ సంతోషంలో చక్రవర్తి 1717లో ఈస్టిండియా కంపెనీకి సుంకం లేని వ్యాపారం రాసిచ్చాడు. కాగితాలు ముందేసుకుని తేదీల వారీగా చదివితే మాత్రం ఈ రెండు వాక్యాల మధ్య పదమూడు నెలల ఖాళీ కనిపిస్తుంది. వైద్యుడికి బహుమానాలు దక్కింది 1715 నవంబరు ఆఖరున. ఫర్మానాలు, అంటే చక్రవర్తి మొహరుతో వచ్చే ఆజ్ఞాపత్రాలు, తయారైంది 1716 డిసెంబరు ఆఖరుకో 1717 జనవరికో. ఆ పదమూడు నెలలూ ఏ కాగితం ఏ దఫ్తరులో ఆగిందో పట్టుకోవడమే ఈ చదువులో ఉన్న అసలు పని.

ముందుగా మనుషుల సంగతి. 1714లో కలకత్తా కౌన్సిలు జాన్ సర్మన్‌ను పెద్దగా పెట్టి ఈ బృందాన్ని పంపింది. అప్పటి అధ్యక్షుడు రాబర్ట్ హెడ్జెస్. సర్మన్ వెంట ఆర్మీనియా వర్తకుడు ఖోజా సర్హద్, ఎడ్వర్డ్ స్టీఫెన్సన్, రాతకోతలకు హ్యూ బార్కర్, వైద్యుడు హామిల్టన్ ఉన్నారు. స్టీఫెన్సన్ పేరు ఇంకోచోట కూడా తగులుతుంది, 1728లో ఒకటిన్నర రోజు బెంగాలు గవర్నరు ఈయనే. పట్నా నుంచి ఢిల్లీకి మూడు నెలల ప్రయాణం, 1715 జులై మొదట్లో చేరారు. తిరిగి కలకత్తా వచ్చేసరికి 1717 ఆఖరైంది. వాళ్ళు మోసుకెళ్ళిన కోరికలు బెంగాలువి మాత్రమే కావు. సూరత్, మద్రాసు, మచిలీపట్నం కోరికలు కూడా అదే మూటలో ఉన్నాయి. అందుకే ఒక్క కలకత్తా దస్త్రం చదివి ముగిస్తే సగం కథ జారిపోతుంది.

మూడు వరసలు పక్కపక్కన పెట్టుకోవాలి. మొదటిది రాయబారులు ఢిల్లీలో రాసుకున్న దినచర్య, అక్కడి నుంచి పంపిన ఉత్తరాలు. రెండోది కలకత్తా కౌన్సిలు నిర్ణయాల పుస్తకాలు. మూడోది మద్రాసు సెయింట్ జార్జి కోటవి. ఈ మూడోవి సంవత్సరాల వారీగా మద్రాసులో అచ్చయ్యాయి, మూలాలు చెన్నైలోని ఎగ్మోరు దస్త్రాగారంలో ఉన్నాయి. అచ్చు ప్రతుల స్కానులు ఇంటర్నెట్లో దొరుకుతాయి కాబట్టి మొదలుపెట్టడానికి చెన్నై వెళ్ళక్కర్లేదు. కానీ ఒక జాగ్రత్త ఉంది. ప్రతి ఉత్తరానికీ రాసిన తేదీ, అందిన తేదీ రెండూ విడివిడిగా నోట్ చేసుకోవాలి. ఢిల్లీ నుంచి కలకత్తాకు కాసీదు (ఉత్తరాలు మోసేవాడు) నడిచి రావడానికి నెల అటూఇటుగా పట్టేది, జవాబుకు ఇంకో నెల. కలకత్తా వాళ్ళు "ఇలా చెయ్యండి" అని రాసే రోజుకు ఢిల్లీలో ఆ పని అయిపోయి ఉంటుంది, లేదా చెడిపోయి ఉంటుంది. ఈ తేడా గమనించకపోతే సర్మన్ పైవాళ్ళ ఆజ్ఞ ధిక్కరించాడని పొరపాటు పడతాం. చాలాసార్లు ఆ ఆజ్ఞ ఇంకా దారిలోనే ఉంది.

చేతిరాతకు అలవాటు పడటానికి వారం చాలు. మూడు చిక్కులు తెలిస్తే సగం తీరినట్టే. వై, ఈ అక్షరాలు కలిసి 'యె' లాగా కనిపించేది నిజానికి 'ది' అనే మాట. అక్కడున్నది వై కాదు, పాత ఇంగ్లీషు 'థ' అక్షరానికి మిగిలిన గుర్తు. రెండోది, మాట మధ్యలో ఎఫ్ లాగా కనిపించేది పొడుగు ఎస్. యంత్రంతో వెతికేటప్పుడు ఇది బాగా దెబ్బకొడుతుంది, ఒక మాట వెతికితే అందులో ఎస్ ఉన్నచోట ఎఫ్ పెట్టి మళ్ళీ వెతకాలి. మూడోది సంక్షిప్తాలు. పై గీతలో చిన్న అక్షరాలు వేసి మాట కుదించేస్తారు, వరాహలకీ రూపాయలకీ కూడా ఇలాంటి కుదింపే ఉంటుంది. అంకె పక్కన ఏ నాణెమో తేలకుండా ఆ అంకెను పట్టికలోకి ఎక్కించకూడదు.

అందరూ జారిపడేది తేదీల దగ్గర. ఇంగ్లీషువాళ్ళు అప్పటికింకా పాత కాలెండరులోనే ఉన్నారు. వాళ్ళకి కొత్త సంవత్సరం మార్చి 25న మొదలవుతుంది. అంటే వాళ్ళ పుస్తకంలో "జనవరి 1716" అని ఉంటే మన లెక్కలో అది 1717 జనవరి కావచ్చు. కొందరు గుమాస్తాలు 1716/17 అని రెండూ వేస్తారు, వాళ్ళకి దండం పెట్టాలి. వెయ్యని చోట ముందు పేజీ, వెనక పేజీ చూసి తేల్చుకోవాలి. ఒకే ఫర్మానాకు ఒక పుస్తకంలో 1715, ఇంకోదాంట్లో 1716, మరోదాంట్లో 1717 అని కనిపించడానికి సగం కారణం ఇదే. దీనికి తోడు 18వ శతాబ్దంలో పాత కాలెండరు కొత్తదానికన్నా 11 రోజులు వెనక నడుస్తుంది, 1752 సెప్టెంబరు దాకా ఇంతే. హాలండు మాత్రం అప్పటికే కొత్త లెక్కలో ఉంది కాబట్టి డచ్చివాళ్ళ కాగితంలో అదే సంఘటన 11 రోజులు తర్వాతి తేదీతో ఉంటుంది. రెండింటినీ కలిపి చదివేవాళ్ళు ఎవరు ముందు తెలుసుకున్నారో, ఎవరు ఎవరికి చెప్పారో తారుమారు చేసేస్తారు.

పార్సీ (పర్షియన్ భాష) కాగితంలో హిజ్రీ సంవత్సరం, చక్రవర్తి పట్టానికొచ్చిన ఏడాది లెక్క ఉంటాయి. హిజ్రీ 1129 మన లెక్కలో 1716 డిసెంబరు నడుమ మొదలై మరుసటి డిసెంబరు మొదటి వారంలో ముగుస్తుంది. ఫరూక్‌సియర్ ఐదో ఏడు అని ఉందంటే కూడా అటూఇటూ అక్కడికే వస్తుంది. మార్పిడి పట్టిక చూసి ఇంగ్లీషు తేదీ రాసేముందు ఆ పట్టిక కొత్త లెక్కలో ఇస్తుందా, పాతదాంట్లోనా అని చూసుకోవాలి. ఇది చూడక పదకొండు రోజులు పోగొట్టుకున్న అచ్చు పుస్తకాలు తక్కువేం కాదు. పద్ధతి ఒక్కటే. ప్రతి తేదీకీ మూడు గళ్ళు: కాగితంలో ఉన్నది ఉన్నట్టు, పాత లెక్కలో సరిచేసింది, కొత్త లెక్కలో. మొదటి గడిని ఎప్పటికీ దిద్దకూడదు.

ఇక పేర్లు. ఫర్మానాను 'ఫిర్మాండ్' అని, సైన్యం జీతాలు చూసే బక్షీ ఖాన్ దౌరాన్‌ను 'కాన్‌డోరా' అని రాస్తారు. మచిలీపట్నం 'మెచ్లిపటం'. మాధవాయపాలెం 'మడపొల్లం' అవుతుంది. ఆ పేరుతోనే ఒక రకం నూలు బట్ట ఇంగ్లీషు నిఘంటువులోకీ ఎక్కింది. నిజాంపట్నాన్ని అంతకు వందేళ్ళ ముందు కాగితాల్లో 'పెటపోలి' అని రాశారు, అది ఆ ఊరి పాత పేరు పెద్దపల్లి. ఈ ముక్కల్ని కళ్ళతో చదివితే తెలియవు, పైకి చదివితే తెలుస్తాయి. విన్నది విన్నట్టు రాసుకున్న మనుషులు వాళ్ళు. తెలుగు పాఠకుడికి ఇక్కడ కాస్త లాభం ఉంది. అర్జీ, పర్వానా, సనదు, దస్తకు, మొహరు, ముసాయిదా, నకలు, తాఖీదు, ఇనాము మనకి కరణాల దస్తావేజుల్లో రోజూ తగిలిన మాటలే. ఇంగ్లీషు సంపాదకుడు అరపేజీ వివరణ ఇచ్చుకునే చోట మనం ఆగకుండా వెళ్ళిపోతాం.

ఒక్క పేరు దగ్గర మాత్రం తప్పకుండా ఆగాలి. కోరికల పట్టికలో 'డియు' అనే దీవి ఉంది. పక్కనే సూరత్ సుంకాల ప్రస్తావన ఉండేసరికి చదివేవాళ్ళ చెయ్యి తిన్నగా గుజరాత్ పటం మీదకు, పోర్చుగీసు డయ్యూ మీదకు వెళ్తుంది. అది కాదు. వాక్యం పూర్తిగా చదివితే 'మచిలీపట్నం దగ్గరి డియు' అని ఉంటుంది. అది కృష్ణ పాయల మధ్య ఉన్న మన దివిసీమ, అవనిగడ్డ, నాగాయలంక ఉన్న నేల. ఏడాదికి 7,000 వరాహల స్థిరమైన కౌలుకు కంపెనీకి ఇవ్వమని అడిగారు. 'దివి' అన్న మాటలో వకారం 'యు'గా మారడం ఆ రోజుల రాతలో మామూలే. పేర్ల సూచికలో డయ్యూ, దివి ఒకే వరసలో కలిసిపోయి ఉంటే ఆ సూచికను నమ్మకుండా పేజీ తెరవడం మంచిది.

పని అంతటికీ వెన్నెముక లాంటిది, ఏ కాగితం ఏ జాతిదో గుర్తుపట్టడం. చక్రవర్తి పెద్ద మొహరుతో వచ్చేది ఫర్మానా. రాకుమారుడు ఇచ్చేది నిషాన్. "హుకుం ప్రకారం" అని మొదలై వజీరు మొహరుతో వచ్చేది హస్బుల్ హుకుం. సుబా (రాష్ట్రం) పాలించే సుబేదారో, ఆదాయం చూసే దివానో కింది అధికారికి రాసేది పర్వానా. సరుకు వెంట నడిచే చీటీ దస్తకు. ఇంగ్లీషు గుమాస్తా వీటన్నిటినీ ఒక్కోసారి 'గ్రాంటు' అని ఒకే మాటతో తోసేస్తాడు. అక్కడే మోసం. 1650ల్లో షాజహాన్ కొడుకు షా షుజా బెంగాలులో ఇచ్చింది నిషాన్. 1691లో ఏడాదికి 3,000 రూపాయలు కట్టి సుంకం లేకుండా వ్యాపారం చేసుకోమన్నది హస్బుల్ హుకుం. 1698లో సూతానుటి, గోవిందపూర్, కలికాతా ఊళ్ళ జమీందారీ కొనుక్కోనిచ్చింది రాకుమారుడు అజీముష్షాన్ నిషాన్. అంటే అరవై ఏళ్ళుగా బెంగాలులో కంపెనీ చేతిలో రాకుమారుడి కాగితమో వజీరు కాగితమో ఉంది గానీ, ఈ తరం చక్రవర్తి మొహరున్నది లేదు. 1707లో ఔరంగజేబు పోయాక ఆరేళ్ళలో ముగ్గురు గద్దె ఎక్కారు. ఎక్కినవాడల్లా పాత కాగితాన్ని మళ్ళీ ఖాయం చేస్తే తప్ప కింది అధికారి దాన్ని కాగితంగా చూడడు. సర్మన్‌ను ఢిల్లీ పంపిన అవసరం ఇదీ.

ఒక అర్జీ నడిచే దారి కూడా తెలిసి ఉండాలి, లేకపోతే దినచర్యలో "ఈ రోజు పని ముందుకు జరిగింది" అన్న వాక్యానికి అర్థం తేలదు. అర్జీ చక్రవర్తి ఎదుట చదువుతారు. ఒప్పుకుంటే స్వాద్ అక్షరం వేస్తాడు, అంటే 'సహీ', మన పాత పత్రాల్లో సంతకానికి వాడిన మాటే. దరఖాస్తుదారుడు పండగ చేసుకునేది ఈ రోజే, కానీ పని అప్పుడే మొదలైంది. ఆజ్ఞను రోజువారీ పుస్తకంలో ఎక్కిస్తారు. అందులోంచి జ్ఞాపకపత్రం తీస్తారు. అది దివాను దఫ్తరుకు పోతే పాత రికార్డులో ఏముందో వెతికి ఒక్కో అంశం పక్కన రాస్తారు: ఇది రివాజులో ఉంది, ఇది లేదు, దీనికి సుబా నుంచి నివేదిక కావాలి. ఆ తర్వాత ముసాయిదా. ముసాయిదా మళ్ళీ పైకి, మళ్ళీ కిందికి. శుద్ధప్రతి రాశాక మొహర్లు, వెనక వైపు ఒక్కో దఫ్తరు నమోదు. ప్రతి మెట్టు దగ్గరా ఒక మున్షీ, ప్రతి మున్షీకీ ఒక మామూలు. ఫర్మానా ఫోటో దొరికితే ముందు వైపు కంటే వెనక వైపు ఎక్కువసేపు చూడమని చెప్తాను. దాని ప్రయాణమంతా అక్కడే ఉంటుంది.

అందుకని పట్టిక ఇలా గీసుకున్నాను: ఒక్కో కోరికకు ఒక వరస. గళ్ళు: ఎవరి కోరిక (కలకత్తా, మద్రాసు, సూరత్), ఏ అర్జీలో పెట్టారు, దఫ్తరు ఏమని రాసింది, ఏ మొహరుతో బయటికొచ్చింది, సుబాలో అమలైందా. ప్రధాన కోరికలు ఎనిమిది. తీరాన విరిగిన ఓడల సరుకు దోచుకోకుండా కాపాడాలి. సూరత్‌లో సుంకాలన్నిటికీ బదులు ఏడాదికి 10,000 రూపాయలు. మద్రాసు చుట్టూ ఉన్న ఊళ్ళు తిరిగి ఇవ్వాలి. దివి. కంపెనీకి బాకీపడి పారిపోయినవాళ్ళను అప్పగించాలి. ముర్షీదాబాదు టంకశాలలో వారానికి మూడు రోజులు కంపెనీ వెండికి నాణేలు కొట్టాలి. కలకత్తా అధ్యక్షుడి దస్తకు చూపిస్తే సరుకు ఆపకూడదు, విప్పకూడదు. కలకత్తా చుట్టుపక్కల 38 ఊళ్ళ జమీందారీ కొనుక్కోనివ్వాలి. పట్టిక నిండేకొద్దీ ఒక సంగతి బయటపడింది. మొదటి అర్జీలోనే అన్నీ పోలేదు. అడగడం, కొన్ని కొట్టేయడం, మళ్ళీ అడగడం, ఇలా మూడు విడతలు నడిచింది. చివరికి చాలావరకు ఒప్పుకున్నారు, కానీ కాగితాలు వజీరు మొహరుతో వచ్చాయి. దర్బారులో విసిగిపోయినవాళ్ళు ఇదే చాలు తీసుకుపోదాం అన్నారు. సర్మన్ ఒప్పుకోలేదు. ఢిల్లీకి దూరంగా ఉన్న నవాబు వజీరు మొహరు చూసి లేచి నిలబడడని ఆయన లెక్క. ఆ మంకుపట్టుకు ఇంకొన్ని నెలలు ఖర్చయ్యాయి. నా మట్టుకు ఈ రాయబారంలో తెలివైన నిర్ణయం ఇదొక్కటే.

బహుమానాల జాబితా చాలామంది దాటేస్తారు, దాటకూడదు. మొదటి దర్శనం రోజు సమర్పించినవి: 1,001 బంగారు మొహర్లు (నాణేలు), రాళ్ళు పొదిగిన బల్ల గడియారం, ఒంటికొమ్ము గుర్రం కొమ్ము అని చెప్పుకునేది ఒకటి, బంగారు రాతపెట్టె, పెద్ద అంబరు (తిమింగలం నుంచి వచ్చే సుగంధ పదార్థం) ముద్ద, చేతులు కడుక్కునే పళ్ళెం, ప్రపంచ పటం, అధ్యక్షుడి ఉత్తరం. తలా ఒకటి చేత్తో పట్టుకుని నడిచారు. ఇచ్చినవారికి బదులుగా ఖిల్లతు (గౌరవ వస్త్రం), తలపాగాకు కల్గీ (తురాయి). ఈ ఇచ్చిపుచ్చుకోవడంలో ఇంగ్లీషువాళ్ళు తాము రాజు తరఫు రాయబారులమని చెప్పుకోలేదు, ఉత్తరం రాసింది ఒక కంపెనీ కొఠీ (వర్తక స్థావరం) అధ్యక్షుడు. కాబట్టి దర్బారు పద్ధతిలో ఇది నజరానా తెచ్చిన వర్తకుల అర్జీ మాత్రమే. సరుకంతా కలిపి 30,000 పౌండ్లని కంపెనీ లెక్క. సర్హద్ ఢిల్లీకి ముందుగా పంపిన కబురులో అది లక్ష పౌండ్లైంది. దాంతో దర్బారు ఆశ పెరిగింది, దర్శనం దొరికింది. తర్వాత ప్రతి మెట్టు దగ్గరా చేతులు చాచేవాళ్ళ అంచనా కూడా లక్షకే తగ్గట్టు పెరిగింది.

డబ్బు మార్పిడికి ఒక ముక్క. కంపెనీ లెక్కల్లో రూపాయి రమారమి 2 షిల్లింగుల 6 పెన్నీలు, వరాహ 8 షిల్లింగులు. మద్రాసు లెక్కలో వరాహకు 36 ఫణాలు, ఫణానికి 80 కాసులు. ఈ లెక్కన బెంగాలుకు కట్టే 3,000 రూపాయలు 375 పౌండ్లు, సూరత్ 10,000 రూపాయలు 1,250 పౌండ్లు, దివి కౌలు 2,800 పౌండ్లు. ఇవి పక్కపక్కన పెట్టగానే రెండు సంగతులు కళ్ళకు కడతాయి. ఢిల్లీకి మోసిన బహుమానాల విలువ బెంగాలు చెల్లింపుకు ఎనభై ఏళ్ళ మొత్తం. దివిసీమ ఒక్కదానికి కంపెనీ ఇవ్వజూపింది బెంగాలు సుబా మొత్తానికి సుంకం బదులు కట్టేదానికి ఏడు రెట్లకు పైన. ఇలాంటి పోలిక చేసేటప్పుడు రూపాయిని రూపాయితోనే, వరాహను వరాహతోనే ముందు రాసి, తర్వాత షిల్లింగుల్లోకి మార్చాలి. నేరుగా పౌండ్లు రాసిన పుస్తకం నుంచి వెనక్కి లెక్కకడితే బట్టా (నాణెం మార్పిడిలో కోసే తేడా) ఎక్కడో కలిసిపోయి అంకె కుదరదు.

హామిల్టన్ దగ్గరికి వద్దాం. చక్రవర్తికి జోధ్‌పూర్ అజిత్ సింగ్ కూతురితో పెళ్ళి జరగాల్సి ఉండగా జబ్బు అడ్డొచ్చింది. హామిల్టన్ నయం చేశాడు, పెళ్ళి 1715 డిసెంబరులో అయింది. ఆయనకు దక్కినవి కాగితంలో వివరంగా ఉన్నాయి: ఏనుగు, గుర్రం, 5,000 రూపాయలు, రెండు వజ్రపుటుంగరాలు, కల్గీ, కోటుకు బంగారు బొత్తాలు, ఆయన పనిముట్లన్నిటికీ బంగారంతో చేసిన జతలు. జాబితాలో ఫర్మానా లేదు. ఆ నయం చేయడంతో దర్బారులో మర్యాద పెరిగింది, పెళ్ళి హడావిడి వల్ల పని ఇంకా వెనకబడింది, అర్జీ మాత్రం అదే దఫ్తరుల దారిలో నడిచింది. పైగా చక్రవర్తి వైద్యుణ్ణి వదలనన్నాడు, తిరిగొస్తానని మాట ఇచ్చాకే బయటపడ్డాడు. 1717 డిసెంబరు 4న కలకత్తాలో పోయాడు. సెయింట్ జాన్ చర్చి ఆవరణలో ఆయన రాతిమీద ఇంగ్లీషుతో పాటు పార్సీ రాత కూడా ఉంది. వైద్యుడి వల్ల వ్యాపారం వచ్చిందనే కథ అంతకు ముందు కూడా ఒకటుంది. షాజహాన్ కూతురు జహనారా కాలిన గాయాలు గేబ్రియల్ బౌటన్ మాన్పాడంటారు. ఆమెకు గాయాలైంది 1644లో, బౌటన్ సూరత్ నుంచి ఆగ్రా బయల్దేరింది 1645లో. అక్కడా తేదీల గడి నింపితే కథ నిలవదు.

మరి పదమూడు నెలల తర్వాత కాగితం ఎందుకు కదిలింది? రెండు కారణాలు కాగితాల్లో కనిపిస్తాయి. ఒకటి మనిషి ఎంపికలో తప్పు. సర్హద్ మాట మీద వీళ్ళు బక్షీ ఖాన్ దౌరాన్‌ను పట్టుకున్నారు. ఆయన చక్రవర్తి చెవికి దగ్గర. కానీ దఫ్తరు మొత్తం వజీరు సయ్యద్ అబ్దుల్లా ఖాన్ చేతిలో ఉంది, వాళ్ళిద్దరికీ పడదు. అర్జీ చక్రవర్తి దగ్గర సహీ అయినంత తేలిగ్గా వజీరు కచేరీలో ఆగిపోయేది. ఈ సంగతి ఆలస్యంగా తెలుసుకుని వజీరు వైపు తిరిగాకే చిక్కు వదులైంది. రెండోది సూరత్. అక్కడి కొఠీ మూసేస్తామని బొంబాయి వాళ్ళు 1716లో బెదిరించారు. సూరత్ అంటే మక్కా యాత్రికుల ఓడలు బయల్దేరే రేవు. 1680ల ఆఖరులో కంపెనీ ఓడలు మొగలు రేవుల ఓడలను పట్టుకున్న సంగతి దర్బారు మరిచిపోలేదు. సముద్రం మీద ఇంకో గొడవ ఎందుకని కచేరీ కదిలింది. దినచర్యలో ఈ భాగం చదివేటప్పుడు బొంబాయి కాగితాల తేదీలు పక్కన లేకపోతే కారణం కనపడదు, కదలిక ఒక్కటే కనిపిస్తుంది.

దినచర్య చదివేటప్పుడు ఇంకో అనుమానం ఎప్పుడూ దగ్గర పెట్టుకోవాలి: దర్బారులో మాట్లాడింది ఎవరు? చాలాచోట్ల సర్హద్. ఆయన చెప్పింది సర్మన్ రాసుకున్నాడు. కోరికలు నెరవేరితే సర్హద్‌కు పెద్ద మొత్తం ముట్టేలా ఒప్పందం ఉంది. కాబట్టి "వజీరు సంతోషించాడు" అన్న వాక్యం పక్కన, ఆ రోజు ఎవరు వెళ్ళారో రాసుకోవాలి. సర్మన్ స్వయంగా వెళ్ళిన రోజుల వాక్యాలు పొడిగా ఉంటాయి, అవే ఎక్కువ పనికొస్తాయి.

ఫర్మానా పాఠం దగ్గర ఇంగ్లీషు అనువాదం చూసి ఆగిపోకూడదు. మూలంలో షరతు ఉన్నచోట అనువాదంలో హక్కు కనిపిస్తుంది. ఉదాహరణకు మద్రాసు రూపాయి. పార్సీలో దాన్ని చీనాపట్నం రూపాయి అంటారు, మన చెన్నపట్నమే. అది సూరత్ నాణెం అంత మంచిదైతే బట్టా అడగవద్దని ఉంది. "మంచిదైతే" అన్న మాట ఒక్కటి జారిపోతే, పరీక్ష చేసే హక్కు టంకశాల అధికారి దగ్గరే ఉందన్న సంగతి కూడా జారిపోతుంది. హైదరాబాదు సుబాకు రాసిన దాంట్లో "పూర్వం ఉన్నట్టే" అన్న ధోరణి. ఆ పూర్వం ఏమిటంటే గోలకొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షా 1630ల్లో ఇచ్చిన బంగారు ఫర్మానా. 1687లో గోలకొండ పడిపోయాక దాన్ని మొగలు అధికారులు ఎంతవరకు మన్నిస్తారన్నది రేవుకొక తీరు. కాబట్టి మన కోస్తా రేవులకు ఈ ఫర్మానా కొత్తగా ఇచ్చిందేమిటని చూస్తే, పాతదానికి కొత్త మొహరు, దివి.

అమలు గడి నింపేటప్పుడు కలం చాలాసార్లు ఆగుతుంది. బెంగాలు పాలకుడు ముర్షీద్ కులీ ఖాన్ ఫర్మానా కళ్ళకద్దుకున్నాడు, 38 ఊళ్ళ జమీందార్లను అమ్మవద్దని లోపల్లోపల కట్టడి చేశాడు. ఊళ్ళు కొనుక్కోవచ్చని ఫర్మానాలో ఉంది, అమ్మి తీరాలని లేదు. టంకశాల దగ్గరా అదే. మద్రాసు వాళ్ళకి 1708లో నవాబు దావూద్ ఖాన్ ఇచ్చిన ఐదు ఊళ్ళున్నాయి: తిరువొత్తియూరు, నుంగంబాకం, వ్యాసర్పాడి, కత్తివాకం, శాత్తంగాడు. ఫర్మానా చేతికొచ్చాక కూడా వాటిని పట్టుకోవడానికి సిపాయిలను పంపాల్సి వచ్చింది. బాగా పనిచేసింది దస్తకు ఒక్కటి, పనిచేయకూడని విధంగా కూడా పనిచేసింది. కంపెనీ ఎగుమతి, దిగుమతి సరుకు కోసం ఇచ్చిన చీటీని కంపెనీ ఉద్యోగులు సొంత వ్యాపారానికి వాడారు, దేశీ వర్తకులకు అమ్ముకున్నారు. 1756లో బెంగాలు నవాబు సిరాజుద్దౌలా ఫిర్యాదుల్లో, 1763 నాటికి తర్వాతి నవాబుల్లో ఒకడైన మీర్ ఖాసిం తగాదాలో ఉన్నది ఈ చీటీయే.

దివి వరసలో అమలు గడి చాలాకాలం ఖాళీగా ఉంటుంది. 1750 వచ్చేసరికి మచిలీపట్నం ఫ్రెంచివాళ్ళ చేతికి పోయింది. తొమ్మిదేళ్ళ తర్వాత కర్నల్ ఫోర్డ్ కోట పట్టుకున్నాక, 1759 మే 14న హైదరాబాదు పాలకుడు సలాబత్ జంగ్ రాసిచ్చిన కాగితంలో మచిలీపట్నం సర్కారు, నిజాంపట్నం సర్కారు, కొండవీడు వగైరా కంపెనీకి ఇనాముగా ఉన్నాయి. కౌలు గడిలో రాయడానికి వరాహలేవీ లేవు. 1765 ఆగస్టు 12న మొగలు చక్రవర్తి షా ఆలం ఉత్తర సర్కార్లకు చక్రవర్తి మొహరుతో కాగితం ఇచ్చాడు. నిజాం దాన్ని పట్టించుకోలేదు. 1766 నవంబరు 12న కంపెనీ హైదరాబాదుతో విడిగా ఒప్పందం రాసుకుని, రాజమహేంద్రవరం, ఏలూరు, ముస్తఫానగరు (కొండపల్లి) సర్కార్లకు 5 లక్షలు, చికాకోలుకు (శ్రీకాకుళం) 2 లక్షలు, గుంటూరు చేతికొచ్చాక ఇంకో 2 లక్షలు, మొత్తం ఏడాదికి 9 లక్షల రూపాయలు కట్టడానికి ఒప్పుకుంది. పట్టికలో మొహరు గడి దగ్గర అక్కడ షా ఆలం, నిజాం అని రెండు పేర్లు రాసుకోవాల్సి వచ్చింది.